ముందు మీరు : కొండదారులలో సాహసమూ, సంస్కారమూ

మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు క్రింద నివసిస్తున్నవి. గంట మ్రోగగానే మేడమెట్ల మీద ఆ రెండు భాషలూ ఎదురుపడతాయి. ఆ మెట్లు ఎక్కేవారికీ దిగేవారికీ ఒకేసారి చోటిచ్చేంత వెడల్పయినవి కావు. అందుచేత మధ్యలో ఆగి ఒకరు "పహలే ఆప్" అంటారు. మరొకరు "ముందు మీరు" అంటారు. ఈ మర్యాదను గురించి ఒక పాత హాస్యకథ ఉన్నది. లక్నో నవాబులిద్దరు రైలుపెట్టె ముందు నిలబడి "ముందు మీరు", "కాదు, ముందు మీరు" అని ఒకరినొకరు బ్రతిమాలుకుంటూ ఉండగానే రైలు కాస్తా కదలిపోయిందట! ఈ కథ విని నవ్వనివారు లేరు. మేమూ నవ్వినవారమే. కాని మర్యాద వలన రైలు తప్పిపోయిన కథను చెప్పుకొని నవ్వే మనం, మర్యాద లేకపోవడం వలన దారియే మూసుకుపోయిన కథలను మాత్రం చెప్పుకోవడం లేదు. అటువంటి కథలను సోదర విద్యార్థులతోను, కళాశాల పాలకవర్గపు పెద్దలతోను పంచుకొనుటకే ఈ వ్యాసం.

ముందుగా మా తప్పును ఒప్పుకొనడం న్యాయం. నిరుడు తొలకరి వానలు పడిన తరువాత మేము ఆరుగురు మిత్రులం నగర శివార్లలోని ఒక ఆటస్థలానికి వెళ్ళాము. లావుపాటి టైర్లు గల నాలుగుచక్రాల బండ్లను గంటకింత అని అద్దెకిచ్చే స్థలమది. ఆవరణలో గీసిన దారిలో నాలుగుసార్లు తిరిగేసరికి మాకు విసుగు పుట్టింది. కాపలాదారు కన్నుగప్పి వెనుక ద్వారం గుండా ఊరి బండిబాటకు ఎక్కాము. ఒకరినొకరు దాటిపోవాలనే పంతంలో బాట చాలక, ప్రక్కనున్న కందిచేనిలోకి మళ్ళించాము. జానెడెత్తు మొలకలు మా చక్రాల క్రింద నలిగిపోయినవి. చేని యజమాని, తాతగారి వయసువాడు, గట్టు మీద నిలబడి కేకలు వేయలేదు, తిట్టలేదు. "బిడ్డా, బాట ఉన్నది గద! చేన్ల నుంచి ఎందుకు తోలిండ్రు?" అని మాత్రం అడిగాడు. మావద్ద సమాధానం లేదు. తలలు వంచుకొని తిరిగివచ్చాము. ఆ ప్రశ్న ఇప్పటికీ మమ్మల్ని వెంటాడుతూనే ఉన్నది. ఈ బండ్లు వేలసంఖ్యలో తిరిగే దేశాలలో ఆ ప్రశ్నకు జనులు ఎట్లా సమాధానం చెప్పుకొన్నారో తెలిసికొనవలెనన్న కోరిక మాకు అప్పుడే కలిగింది.

ఏటీవీ అని పొట్టిపేరుతో పిలిచే ఈ బండి ఎట్టి నేలపైనైనా నడవడానికి పుట్టినది. గుర్రం మీద వలె ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చుంటారు; సైకిలుకు వలె చేతిపిడి పట్టుకొని త్రిప్పుతారు; కుడిచేతి బొటనవ్రేలితో వేగాన్ని అదుపు చేస్తారు. కారు టైరులో గాలి పీడనం చదరపు అంగుళానికి 30 పౌండ్ల ప్రాంతంలో ఉంటే, దీని టైరులో 5 నుండి 7 పౌండ్లు ఉండడం సాధారణం. అందుచేతనే ఆ టైరు రాతిని కరచుకొంటుంది, ఇసుకలో కూరుకొనదు. జపానుకు చెందిన హోండా సంస్థ 1970లో మూడు చక్రాల బండిని అమెరికా అంగడిలో ప్రవేశపెట్టింది. నాలుగుచక్రాల బండ్లు 1980 దశకారంభంలో వచ్చినవి. మూడు చక్రాలవి తేలికగా బోర్లపడి అనేకుల ప్రాణాలు తీయడంతో, అమెరికా ప్రభుత్వానికీ తయారీదారులకూ మధ్య 1988లో కుదిరిన ఒప్పందంతో వాటి అమ్మకం నిలిచిపోయింది. 90 సీసీలకు మించిన యంత్రం గల బండి 16 ఏండ్లు నిండనివారికి తగదన్న కట్టుబాటు కూడ ఆ ఒప్పందంలోనిదే. ఆటవస్తువుగా కనిపించే ఈ బండి ఆటవస్తువు కాదని నేర్చుకొనుటకు ఆ దేశం చెల్లించిన మూల్యం తక్కువది కాదు.

కఠినమైన కొండదారిలో ఈ బండిని నడపడం ఒక విద్య. కారులో మనిషి కూర్చుండే బరువు. ఇందులో మనిషి కదిలే బరువు. నిటారుగా ఎక్కేటప్పుడు శరీరాన్ని ముందుకు వంచాలి. దిగేటప్పుడు వెనుకకు జరగాలి. ఏటవాలు కొండను అడ్డంగా దాటేటప్పుడు ఎగువ ప్రక్కకు ఒరగాలి. ఎక్కుడు మొదలుపెట్టకముందే తక్కువ గేరులో పెట్టుకొని, వేగాన్ని ఎక్కువ తక్కువలు లేకుండా నిలపాలి. మధ్యలో బండి శక్తి చాలక ఆగిపోతే తొందరపడి అడ్డంగా త్రిప్పరాదు. బ్రేకు పట్టి నిలిపి, ఎగువవైపుకు దిగాలి. దిగుడులో బ్రేకులను బిగబట్టి చక్రాలను కదలకుండా చేయరాదు. తక్కువ గేరులో యంత్రమే బండిని పట్టి ఉంచేటట్లు చూచుకొనాలి. "నిదానమే ప్రధానం" అన్న మన పెద్దల మాట ఈ విద్యకు మొదటి పాఠం.

ఇక్కడ పాఠకులు ఒక విశేషాన్ని గమనించవలెనని మా ప్రార్థన. పైన చెప్పిన నేర్పులలో ఒక్కటైనా మర్యాదకు భిన్నమైనది కాదు. శిఖరం మీదికి రాగానే వేగం తగ్గించాలని ఎందుకు నేర్పుతారు? అవతల ప్రక్క లోయ ఉండవచ్చును గనుక అది ఆత్మరక్షణ. అవతల మరొకడు ఎక్కివస్తూ ఉండవచ్చును గనుక అది పరరక్షణ. ఒక బండి కొండను పూర్తిగా ఎక్కేదాకా రెండవ బండి క్రిందనే ఆగాలని ఎందుకంటారు? ముందువాడు జారితే వెనుకవాని మీద పడకుండా ఉండుటకు. ఎక్కేటప్పుడు చక్రం నిలిచినచోటనే గిరగిర తిరిగితే బండి కదలదు. అంతేకాక నేల గుంటపడుతుంది. దిగేటప్పుడు చక్రం బిగుసుకుపోతే బండి జారుతుంది. అంతేకాక దారి చీరుకుపోతుంది. కొండకు దెబ్బ తగలకుండా ఎక్కగలవాడే నిజంగా ఎక్కడం వచ్చినవాడు. సాహసం ఒక అర, సంస్కారం మరొక అర అని విడదీసి చూచేవారు రెండింటినీ సరిగా ఎరుగరని మా అభిప్రాయం.

దారి మన ఒక్కరిదే అయితే ఈ చర్చకు తావు లేదు. అమెరికాలోని అనేక కొండదారులలో బండివాడు, సైకిలువాడు, కాలినడకవాడు, గుర్రపురౌతు అందరూ ఒకే ఇరుకు బాటను పంచుకొంటారు. అచ్చట అనుభవం మీద స్థిరపడిన కట్టుబాటు ఇది: యంత్రం గలవాడు యంత్రం లేనివారందరికీ దారి ఇవ్వాలి. సైకిలువాడు పాదచారికి, గుర్రానికి దారి ఇవ్వాలి. గుర్రానికి మాత్రం అందరూ దారి ఇవ్వాలి. ఈ వరుసలో గొప్పవాడు, చిన్నవాడు అనే తారతమ్యం లేదు. ఎవరివలన ఎక్కువ హాని కలుగగలదో వాడు ముందుగా ఆగాలి అన్నదే ఇందలి న్యాయం. బలం ఎంత ఎక్కువో బాధ్యత అంత ఎక్కువ అన్న ధర్మాన్ని ఇంతకంటె సూటిగా చెప్పిన శాసనాన్ని మేము ఎరుగము.

గుర్రం ఎదురైనప్పుడు పాటించవలసిన పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. గుర్రం భయపడితే ఆలోచించదు, పరుగెత్తుతుంది. కొండ అంచున అది పరుగెత్తితే రౌతు ప్రాణానికే ముప్పు. కనుక బండివాడు ప్రక్కకు తప్పుకొని ఆగి, యంత్రాన్ని ఆపివేయాలి. అంతటితో చాలదు. తలమీది హెల్మెట్ తీసి, రౌతుతో మెల్లగా రెండు మాటలు మాట్లాడాలి. ఎందుకు? హెల్మెట్ ధరించిన ఆకారాన్ని చూచి బెదిరిన గుర్రానికి, మనిషి గొంతు వినగానే ఇది మనిషియే అన్న ధైర్యం కలుగుతుంది. ఎటు తప్పుకొనవలెనో, ఎప్పుడు కదలవలెనో రౌతు చెప్పినట్లు వినాలి. ముసుగు తీసి ముఖం చూపించి పలకరించడం! అపరిచితులు ఎదురైన చోట భయాన్ని పోగొట్టే మార్గం మనుషులకైనా, గుర్రాలకైనా ఒక్కటే కాబోలు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని తెలుగువారు అననే అన్నారు.

బండ్లు రెండు ఎదురుపడినప్పుడు ఎక్కేవానికి దిగేవాడు దారి ఇవ్వడం ఆచారం. ఎక్కుడు మధ్యలో ఊపు పోతే మళ్ళీ కదలడం కష్టం గనుక. కాని దిగేవాడే ప్రమాదకరమైన చోట ఉంటే ఎక్కేవాడే ఆగుతాడు. సులభంగా తప్పుకొనగలవాడు తప్పుకొంటాడు. గుంపుగా వచ్చేవారు ఎదుటివారికి చేతివ్రేళ్ళతో లెక్క చెబుతారు. నా వెనుక ముగ్గురు ఉన్నారంటే మూడు వ్రేళ్ళు. చివరివాడు పిడికిలి బిగించి చూపిస్తాడు, నా వెనుక ఎవరూ లేరని. మలుపు వెనుక ఏమున్నదో తెలియని అపరిచితునికి ఆ మూడు వ్రేళ్ళు ఎంత ధైర్యమో ఊహించండి! పాదచారిని దాటవలసివచ్చినప్పుడు దుమ్ము రేగనంత నెమ్మదిగా పోవాలి. ఈ పనులలో దేనికీ డబ్బు ఖర్చు కాదు. వీటికి పట్టే కాలం అర నిమిషం.

దారిలో మరొక వాటాదారు ఉన్నది. అది నేల. అది ప్రక్కకు తప్పుకొనలేదు, ఫిర్యాదు చేయలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎడారిలో నేలమీద నల్లని గరుకైన పొర ఒకటి ఉంటుంది. చూచేవారికి అది ఒట్టి మట్టి. నిజానికి అది కంటికి కనిపించనంత చిన్న జీవులు, నాచు, లైకెన్లు కలిసి అల్లుకొన్న సజీవమైన పొర. గాలికి ఇసుక లేచిపోకుండా, వానకు మన్ను కొట్టుకుపోకుండా ఆ ఎడారిని పట్టి ఉంచేది అదే. ఒక్కసారి చక్రం దానిమీదుగా పోతే, మరల కోలుకొనుటకు దశాబ్దాలు పడుతుంది. అందుకే అక్కడివారు ఏర్పరచిన దారిని వదలి ఒక్క గజం ప్రక్కకు పోవద్దని నొక్కి చెబుతారు. బాటలో నీటిగుంట ఉంటే దాని ప్రక్కనుండి చుట్టి పోరాదట. నెమ్మదిగా మధ్యనుండే పోవాలట. ప్రతివాడూ చుట్టి పోతే ఒక బండి వెడల్పు బాట ఏడాది తిరిగేసరికి పది బండ్ల వెడల్పు బురదగా మారుతుంది. మా కందిచేను ఇక్కడ మాకు జ్ఞాపకం రాకుండా ఉంటుందా?

అమెరికా ప్రభుత్వం ఈ సమస్యను చట్టంతోను, బోధనతోను రెండు విధాల ఎదుర్కొన్నది. ప్రభుత్వ భూములలో ఏ దారులు మోటారు బండ్లకు తెరవాలో, ఏవి మూయాలో నిర్ణయించవలెనని అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఉత్తర్వు చేశాడు. నేలకు, వన్యప్రాణులకు తీవ్రమైన హాని జరుగుతున్న చోట వెంటనే దారి మూయవలెనని 1977లో అధ్యక్షుడు కార్టర్ దానిని గట్టిపరచాడు. గుర్తించిన దారులు వదలి ఇష్టం వచ్చినట్లు తిరగరాదని అటవీశాఖ 2005లో నియమం చేసింది. ఇది చట్టం. ఇక బోధన. "తేలికగా అడుగు వేయండి" అనే అర్థం గల 'ట్రెడ్ లైట్లీ' ఉద్యమాన్ని అదే అటవీశాఖ 1985లో ప్రారంభించగా, 1990లో అది స్వతంత్ర సంస్థ అయినది. బాధ్యతతో ప్రయాణించడం, ఇతరుల హక్కును గౌరవించడం, ముందుగా తెలిసికొని పోవడం, సున్నితమైన తావులను తప్పించడం, తన వంతు పని తాను చేయడం అనే అయిదు సూత్రాలు దానివి.

ఈ సందర్భంలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రపు కొండలను గురించి చెప్పక తప్పదు. ఆ రాష్ట్రానికీ కెంటకీ రాష్ట్రానికీ నడుమ టగ్ ఫోర్క్ అనే నది ప్రవహిస్తున్నది. ఆ నదికి ఇరువైపులా నివసించిన హాట్‌ఫీల్డ్, మెకాయ్ అనే రెండు కుటుంబాలు పందొమ్మిదవ శతాబ్దిలో దాదాపు మూడు దశాబ్దాలు ఒకరినొకరు చంపుకొన్నవి. పన్నెండుమందికి పైగా ప్రాణాలు పోయినవి. ఒక పెంపుడు జంతువు ఎవరిదన్న చిన్న తగవు 1878లో ఆ పగకు ఆజ్యం పోసిందంటే నమ్మగలమా? బొగ్గుగనులు తగ్గి బ్రతుకుతెరువు సన్నగిల్లిన ఆ కొండలలోనే కొండబండ్ల దారులను ఏర్పరచుటకు రాష్ట్ర శాసనసభ 1996లో ఒక సంస్థను నెలకొల్పింది. 2000లో దారులు తెరుచుకొన్నవి. వాటికి పెట్టిన పేరు హాట్‌ఫీల్డ్-మెకాయ్ దారులు! ఈనాడు వాటి పొడవు వెయ్యి మైళ్ళు దాటినది. పగ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ కొండలలో నేడు ఒకరికొకరు వ్రేళ్ళు చూపుకొంటూ దారి ఇచ్చుకొంటున్నారు. ఆ రెండు కుటుంబాల వారసులు కూడ 2003లో సంధిపత్రంపై సంతకాలు చేశారు.

ఆ దారుల నిర్వహణ మనకు పాఠం కాదగినది. సులభమైన దారికి ఆకుపచ్చ గుర్తు, కష్టమైనదానికి నీలం, అతి కష్టమైనదానికి నలుపు వేసియుంచారు. తన శక్తి ఎరిగి దారి ఎంచుకొనమని అర్థం. అనుమతిపత్రం కొననిదే ఎవరూ పోరాదు. ఆ సొమ్ముతో దారులు బాగుచేస్తారు. హెల్మెట్ లేనిదే బండి ఎక్కరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఆ నేలలో అధికభాగం ప్రభుత్వానిది కాదు. బొగ్గు, కలప సంస్థలు మొదలైన ప్రైవేటు యజమానులది. వారు సరే అన్నందువలననే ఆ దారులు ఉన్నవి. వద్దు అంటే లేవు. వెయ్యి మైళ్ళ దారి యజమానుల సమ్మతి మీద, ఆ సమ్మతి స్వారీ చేసేవారి నడవడి మీద నిలిచి ఉన్నదన్నమాట. మర్యాద అలంకారం కాదు, పునాది అనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

పునాది కదిలితే ఏమవుతుందో యూటా రాష్ట్రంలోని మోయబ్ పట్టణంవైపు చూస్తే తెలుస్తుంది. ఎర్రని రాతికొండల నడుమ కొలరాడో నది ఒడ్డున ఉన్న ఆ పట్టణం చుట్టూ 1950 దశకంలో యురేనియం వెదకినవారు వేసిన బాటలు అనేకం. వాటిమీద తరువాత జీపులు, మోటారుసైకిళ్ళు, ఏటీవీలు వచ్చినవి. అచ్చటి స్లిక్‌రాక్ దారిని 1969లో మోటారుసైకిళ్ళ కొరకు గుర్తించగా, తరువాత సైకిళ్ళవారివలన అది లోకప్రసిద్ధి చెందింది. ఒకరికొరకు గీసిన దారిమీద మరొకరు కూడ సుఖంగా పోవచ్చునని చెప్పే మంచి ఉదాహరణ ఇది. కాని రద్దీ పెరిగినకొద్దీ కలతలు పెరిగినవి. చప్పుడు భరించలేమని పట్టణవాసులు మొరపెట్టుకొన్నారు. నదిలో పడవలపై నిశ్శబ్దాన్ని కోరి వచ్చినవారు, కొండగొర్రెల క్షేమం కోరినవారు అభ్యంతరం తెలిపారు. చివరకు 2023లో లాబిరింత్ లోయ పరిసరాలలో 317 మైళ్ళ దారులను మోటారు బండ్లకు మూసివేస్తూ భూనిర్వహణ శాఖ నిర్ణయించింది. 800 మైళ్ళకు పైగా తెరిచియే ఉంచినను, బండ్లవారు ఆగ్రహించారు, న్యాయస్థానాలకు ఎక్కారు.

ఇక్కడ రెండు వాదాలు వినిపిస్తాయి. మొదటిది: "కొండలు ప్రశాంతత కొరకు, యంత్రానికి అక్కడ పనిలేదు, అన్నీ మూసివేయండి" అనేది. ఈ వాదంలో నిజం కొంత ఉన్నది. కొన్ని తావులు సున్నితమైనవి. అచ్చట దారి మూయడం అవమానం కాదు, అవసరం. ఎంత మర్యాదస్థుడు నడిపినను బండి చప్పుడు చప్పుడే. కాని నడవలేని వృద్ధుడు, కాలు సరిగాలేని యువకుడు కూడ కొండకొమ్మును చూడాలని కోరుకొంటారు. ఆ కోరికను తేలికగా త్రోసివేయడం దయగల మాట కాదు. రెండవ వాదం: "నేల అందరిది, మా హక్కు మాది, ఎవరికీ తలవంచము" అనేది. నేల అందరిది గనుకనే ఏ ఒక్కరిదీ కాదని ఈ వాదులు మరచిపోతున్నారు. పదిమంది మంచిగా నడిపినా, అడ్డదారి పట్టిన ఒక్కని చక్రపు జాడయే అధికారి కంటబడుతుంది. నూరు బండ్లు నెమ్మదిగా పోయినది ఎవరికీ గుర్తుండదు. గుర్రాన్ని బెదిరించిన ఒక్క బండి అందరికీ గుర్తుంటుంది. "చెరపకురా చెడేవు" అన్నారు పెద్దలు. మోయబ్‌లో అన్ని దారులూ అమర్యాద వలననే మూతపడ్డాయని మేము అనడం లేదు. దారి ఉంచాలా, వద్దా అన్న చర్చ వచ్చిననాడు ఇరుగుపొరుగు ఎవరి పక్షాన మాట్లాడతారన్నది అంతకుముందు ఏండ్ల తరబడి సాగిన నడవడి నిర్ణయిస్తుందని మాత్రమే మా వాదన.

మర్యాద పాటిస్తే సాహసం చప్పబడిపోతుందనే మిత్రులు కొందరున్నారు. వారితో ఒక మాట. నిటారు కొండమీద పూర్తి వేగంతో పోవడానికి బొటనవ్రేలు చాలు. ఎదురుగా గుర్రం కనిపించగానే, రక్తం ఉడుకుతున్న ఆ క్షణంలో, బండిని అదుపులోకి తెచ్చి, ఆపి, హెల్మెట్ తీసి, నవ్వుతూ పలకరించడానికి మనసు కావాలి. రెండింటిలో ఏది కష్టమో వారే చెప్పాలి.

ఇదంతా ఎక్కడో సముద్రాలకు ఆవలి సంగతి అనుకొనరాదు. మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థులే ఏటీవీలను స్వయంగా తయారుచేసి పోటీపడే బాజా అనే వార్షిక పోటీ 2007 నుండి జరుగుతున్నది. అందులో తుది పరీక్ష నాలుగు గంటల ఓర్పు పందెం. బండ్లన్నీ ఒకే మట్టిదారిని పంచుకొని పరుగెత్తాలి. అనగా బండి చేయడం మన యువకులకు తెలిసినది. నగరాల శివార్లలో ఈ బండ్ల ఆటస్థలాలు వెలసినవి. డబ్బు చెల్లించినవారికి తాళంచెవి దొరుకుతున్నది. కాని ఆ తాళంచెవితోపాటు ఇవ్వవలసిన మర్యాదపాఠాన్ని మాకెవరూ ఇవ్వలేదు, మేమూ అడుగలేదు.

ఇక మా కథలో మిగిలిన భాగం చెప్పి ముగిస్తాము. దసరా సెలవులలో మాలో ఇద్దరు ఆ ఊరికి మరల వెళ్ళారు. కందిచేని గట్టు మీద ముళ్ళకంప కనిపించింది. ఆ గట్టు ఒక కాలిబాట. ఊరి పిల్లలు బడికి, మేకలవారు చెరువుకు దానిమీదుగానే పోయేవారట. అది ప్రభుత్వం వేసిన దారి కాదు, పటంలో ఉన్న దారి కాదు. ఆ వృద్ధుని మంచితనం తప్ప దానికి మరే ఆధారమూ లేదు. మా తరువాత మరికొన్ని బండ్లు చేనిలో దిగాయట. దానితో ఆయన కంప నాటాడు. బండ్లు ఎక్కినవారికి కలిగిన నష్టం ఏమీ లేదు. పిల్లలు మాత్రం చుట్టు తిరిగి బడికి పోతున్నారు. మా మిత్రులు క్షమాపణ చెప్పి, నష్టానికి సొమ్ము ఇవ్వబోయారు. ఆయన తీసుకోలేదు. "పైసలెందుకు బిడ్డా! పంట ఇంటికొచ్చినంక కంప సంగతి చూస్తా. మీ తోటోళ్ళకు మీరు చెప్పుండ్రి" అన్నాడు. సంక్రాంతి వచ్చింది, పోయింది. ఈ వ్యాసం వ్రాసేనాటికి కంప ఇంకా తీయలేదు. ఆయనను తప్పుపట్టే అధికారం మాకు లేదు. మా తోటివారికి చెప్పమన్న పని మాత్రం మాది. ఈ వ్యాసం అందులో మొదటి భాగం.

రెండవ భాగానికి పాలకవర్గపు సహాయం కావాలి. విహారయాత్రలలో విద్యార్థులు ఇటువంటి బండ్లు ఎక్కే పక్షంలో, అంతకు ముందుగా తెలిసినవారిచేత ఒక గంట శిక్షణ ఇప్పించవలెనని కోరుతున్నాము. హెల్మెట్ లేనివానిని బండి ఎక్కనీయరాదు. గీసిన దారి దాటి పరుల చేనుకు నష్టం కలిగించినవారు తామే స్వయంగా వెళ్ళి ఆ చేని యజమానితో మాట్లాడి సరిదిద్దుకొనవలెను. జరిమానా కళాశాలకు కట్టి చేతులు దులుపుకొనడం కాదు. ఈ నియమాలను మొదట మా ఆరుగురికే వర్తింపజేయవచ్చును.

మరొక చిన్న కోరిక కూడ ఉన్నది. మన సైకిలుస్టాండు సందు మేడమెట్ల కంటె ఇరుకైనది. సాయంకాలం గంట మ్రోగగానే అచ్చట మోటారుసైకిళ్ళు, సైకిళ్ళు, కాలినడకన పోయే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఒకరినొకరు త్రోసుకొంటున్నారు. మెట్లమీద వినిపించే మాట ఆ సందులో వినిపించడం లేదు. బండి ఎక్కగానే మన భాష మారిపోతున్నది. ఆ సందు మొదట ఒక చిన్న పలక పెట్టించవలెనని మనవి. దానిమీద తెలుగులో "ముందు మీరు" అని, దాని క్రింద ఉర్దూలో "పహలే ఆప్" అని వ్రాయిస్తే చాలు. పలక ఖర్చు ఆ ఆరుగురము మేమే భరిస్తాము.